పూనోను గనుల దగ్గర మనవాళ్లు



మేము జోర్డాన్ వెళ్లి వచ్చామని తెలిశాక అందరూ అడిగింది ఒకటే. నెబో కొండ ఎక్కారా, యొర్దాను నదిలో బాప్తిస్మం స్థలం చూశారా అని. ఎక్కాం, చూశాం. నెబో మీద ఆ రోజు పొగమంచు కమ్మి వాగ్దాన దేశం మాకు సరిగ్గా కనబడలేదు. మృత సముద్రంలో తేలాం, అందరిలాగే ఫొటోలు దిగాం. ఇవన్నీ టూర్ పాంప్లెట్లలో ఉంటాయి కాబట్టి ఆ వర్ణన వదిలేస్తున్నాం. ఈ పూట మాట్లాడదలచింది ఆ పాంప్లెట్లలో లేని ఒక లోయ గురించి. దాని పేరు ఫేనాన్. మన బైబిల్లో దాని పేరు పూనోను.

సంఖ్యాకాండము 33వ అధ్యాయం మనం సాధారణంగా దాటేసే అధ్యాయం. ఇశ్రాయేలీయులు ఎక్కడ బయలుదేరి ఎక్కడ దిగారో ఊళ్ల పేర్లు వరుసగా ఉంటాయి. అందులో పూనోను ఒక మజిలీ. దాని తర్వాతిది ఓబోతు. 21వ అధ్యాయంలో సర్పముల సంగతి జరిగాక వాళ్లు దిగిన చోటు కూడా ఓబోతే. అందుకే మోషే ఎత్తిన ఆ సర్పం ఈ చుట్టుపక్కలే తయారై ఉంటుందని చాలామంది పండితుల ఊహ. మన అనువాదంలో ఇత్తడి సర్పం అని ఉంది గానీ, హెబ్రీ మాట రాగికీ చెల్లుతుంది. పూనోను అంటేనే రాగి. ఆ కొండల్లో రాగి తవ్వకం 6 వేల ఏళ్ల కిందటే మొదలైంది.

అక్కడికి మేము దానా అనే కొండ ఊరి నుంచి నడిచి దిగాం. పాత రాతి ఇళ్ల ఊరు అది. దాని పేరనే ఉన్న రక్షిత ప్రాంతం సుమారు 300 చదరపు కిలోమీటర్లు, ఆ దేశంలో అన్నిటికన్నా పెద్దది. పై భాగం సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తున చలిగాలిలో ఉంటుంది. అడుగు భాగం సముద్రమట్టం కంటే కిందకి, అరబా ఎడారిలోకి జారుతుంది. ఒకే లోయలో పైన దేవదారు జాతి చెట్లు, కింద తుమ్మచెట్లు, ఇసుక. 800కు పైగా మొక్కల జాతులు ఉన్నాయనీ, వాటిలో మూడు ఈ లోకంలో ఇంకెక్కడా లేవనీ లెక్క కట్టారు. కొండమేకలు ఉన్నాయని చెప్పారు. మాకు కనబడింది వాటి పెంటికలే. సుమారు 14 కిలోమీటర్ల దిగుడు, మా నడకకు పూట పైనే పట్టింది. మాలో ఒక పాస్టర్ గారి మోకాళ్లు ఇప్పటికీ ఆ లోయను జ్ఞాపకం చేసుకుంటున్నాయి.

దారి చూపినాయన బెదూయిన్. వయసు యాభై దాటి ఉంటుంది. మధ్యాహ్నం ఎండుపుల్లలు ఏరి నిప్పు చేసి, పిండి పిసికి, ఆ నిప్పుల బూడిదలోనే రొట్టె పూడ్చి కాల్చాడు. బూడిద దులిపి విరిచి ఇచ్చాడు. ఏలీయా బదరీచెట్టు కింద లేచి తిన్నది ఇలాంటిదే అయి ఉంటుంది. తర్వాత చిన్న గ్లాసుల్లో తీయటి చాయ్, అందులో మరమియా ఆకు. అతిథికి మూడు గ్లాసులు పోయకుండా వదలడు.

సాయంత్రానికి లోయ అడుగుకు చేరాం. అక్కడ మట్టి రంగు మారింది. కాళ్ల కింద నల్లగా, గాజు పెంకుల్లా మెరుస్తూ కరకరలాడుతోంది. రాయి కాదు, చిట్టెం. రాగి రాళ్లను కొలిమిలో కరిగించగా మిగిలిన చిట్టెం. ఆ ప్రాంతం మొత్తంలో లక్షన్నర నుంచి రెండు లక్షల టన్నుల దాకా ఉంటుందని అంచనా. దగ్గర్లో ఒక పాడుబడ్డ చోటికి అరబ్బీలో ‘రాగి శిథిలం’ అనే పేరు. క్రీస్తుకు పూర్వం వెయ్యేళ్ల నాడే అక్కడ పెద్ద ఎత్తున కొలుములు నడిచాయి. తర్వాత రోమా ప్రభుత్వం వచ్చింది. గనులు సామ్రాజ్యానివి, కూలీలు శిక్ష పడ్డవాళ్లు.

ఆ శిక్ష పడ్డవాళ్లలో క్రైస్తవులు ఉన్నారు.

ఇది ఊహ కాదు. కైసరయ బిషప్ యూసేబియస్, ఆ కాలంలో బతికిన మనిషి, పాలస్తీనా హతసాక్షుల గురించి ఒక గ్రంథం రాశాడు. డయోక్లీషియన్ మొదలుపెట్టిన హింసలో విశ్వాసం వదలని వాళ్లను గుంపులు గుంపులుగా రాగి గనులకు పంపారు. పారిపోకుండా ఎడమ కాలి నరాలు కాల్చారు. కుడి కన్ను తీసేశారు. చేతులు మాత్రం ముట్టుకోలేదు. పనికి చేతులు కావాలి కదా.

అలాంటి స్థితిలో కూడా వాళ్లు పూనోనులో కూడుకోవడానికి మందిరాలు కట్టుకున్నారని యూసేబియస్ రాస్తున్నాడు. ఆ సంగతి పై అధికారికి తెలిసింది. గుంపును విడదీసి వేరే చోట్లకు పంపారు. ముసలివాళ్లు, కాళ్లు చచ్చుబడి పని చేయలేనివాళ్లు మిగిలారు. క్రీ.శ. 310 ప్రాంతంలో ఒకే రోజున 39 మంది తలలు తీశారు. వారిలో గాజా బిషప్ సిల్వానస్ ఉన్నాడు. యోహాను అనే ఐగుప్తు దేశస్థుడు ఉన్నాడు, గుడ్డివాడు. లేఖనాలు పుస్తకాలకు పుస్తకాలు అతనికి కంఠతా వచ్చు. ఒకసారి జనసమూహం మధ్య నిలబడి అతను వాక్యం చెబుతుంటే యూసేబియస్ దూరం నుంచి విని, చేతిలో పుస్తకం చూసి చదువుతున్నాడనుకున్నాడట. దగ్గరికి వెళ్లి చూస్తే పుస్తకమూ లేదు, కళ్లూ లేవు.

ఆ చిట్టెం మీద నిలబడి ఈ సంగతి చదువుకున్నాం. మాలో ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు పెట్రా. లోకమంతా జోర్డాన్ వెళ్లేది దాని కోసమే. ఎర్రటి కొండ చీలికలో సుమారు 1,200 మీటర్లు నడిచి వెళ్తే ఎదురుగా 40 మీటర్ల ఎత్తు కట్టడం, కొండలోనే చెక్కింది. ఖజానా అంటారు గానీ సమాధి అయి ఉంటుంది. అరెత రాజు కాలంలో చెక్కారని చెబుతారు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో పౌలు దమస్కు గోడ మీద నుంచి గంపలో దిగి తప్పించుకున్నది ఈ అరెత అధికారి చేతిలో నుంచే. హేరోదు అంతిప తన భార్యను వదిలేసి హేరోదియను తెచ్చుకున్నాడు కదా, ఆ మొదటి భార్య ఈ అరెత కూతురే. బాప్తిస్మమిచ్చు యోహాను తప్పుపట్టింది ఆ పెళ్లినే.

మాకు ఖజానా కన్నా ఎక్కువ నచ్చింది దారి పక్కన రాతిలో చెక్కిన నీటి కాలువ. నబతీయులు ఎడారిలో రాజ్యం నిలిపింది నీటి లెక్కతో. మట్టి గొట్టాలు, తొట్లు, ఆనకట్టలు. వరద చీలికలోకి రాకుండా మొదట్లోనే అడ్డుకట్ట కట్టి, సొరంగం తవ్వి మళ్లించారు. వందల ఏళ్లు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. 1963 ఏప్రిల్‌లో హఠాత్తుగా వరద వచ్చి 20 మందికి పైగా ఫ్రాన్సు యాత్రికులు ఆ చీలికలోనే చనిపోయారు. ఆ తర్వాత ఆధునిక ఇంజినీర్లు వచ్చి మళ్లీ అదే చోట అడ్డుకట్ట కట్టారు.

పెట్రాలో ఒక పాత చర్చి కూడా ఉంది. 1993లో అక్కడ సుమారు 140 కాలిన పపైరస్ చుట్టలు దొరికాయి. సువార్త ప్రతులు దొరికాయేమోనని ఆశపడకండి. ఆస్తి పంపకాలు, పెళ్లి ఒప్పందాలు, పన్నులు, పొలం తగాదాలు. మన పాస్టరేట్ ఆఫీసు బీరువా తెరిచినట్టే ఉంటుంది.

అయితే పెట్రా ఖాళీగా పడి ఉన్న నగరం కాదు. బదూల్ అనే బెదూయిన్ తెగవాళ్లు ఆ గుహల్లో కాపురాలు ఉండేవాళ్లు. 1985లో పెట్రా ప్రపంచ వారసత్వ స్థలం అయింది. ఆ ఏడే వాళ్లను గుహల నుంచి లేపి, పక్క గట్టు మీద ఉమ్మ్ సైహూన్ అనే కాలనీ కట్టి అక్కడికి చేర్చారు. కరెంటు, నీళ్లు, బడి వచ్చాయి, అవి చిన్న విషయాలు కావు. కానీ ఈ రోజు వాళ్లు తమ తాతల గుహల ముందే గాడిదలు నడుపుతూ, చాయ్ అమ్ముతూ బతుకుతున్నారు. పిల్లలు బడి మానేసి పోస్ట్‌కార్డులు పట్టుకుని వెంటపడతారు. రాళ్లను కాపాడే చట్టం మనుషులను ఎక్కడ ఉంచాలో ఆలోచించాలి కదా అని మేము ఆ సాయంత్రం చాలాసేపు వాదించుకున్నాం. అందరం ఒకే మాట మీదకి రాలేదు.

దానా దారి కొంచెం వేరు. అక్కడ రక్షిత ప్రాంతం నడిపే ప్రకృతి పరిరక్షణ సంఘం 1966లో పుట్టింది. మేకల మేతకు హద్దులు పెట్టింది, దానికి కాపరులు మొదట్లో ఒప్పుకోలేదు, కొందరు ఇప్పటికీ ఒప్పుకోరు. కానీ గైడ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు అంతా ఆ చుట్టుపక్కల వాళ్లే. లోయ అడుగున ఫేనాన్‌లో మేము పడుకున్న లాడ్జిలో రాత్రి దీపాలన్నీ కొవ్వొత్తులే. ఆ చీకట్లో మా పిల్లలు మొదటిసారి పాలపుంత చూశారు.

ఇంతకీ అసలు సంగతి. 2021 ఆగస్టులో జోర్డాన్ మంత్రివర్గం దానా హద్దులు మార్చి కొంత భాగాన్ని రక్షణ నుంచి తప్పించమని ఆదేశించింది. రాగి కోసం. ఆ జిల్లాలో నిరుద్యోగం ఎక్కువ, గని వస్తే ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం మాట. పరిరక్షణ సంఘం బహిరంగంగా ఎదిరించింది, జనం గొంతెత్తారు. మా గైడ్‌ను ఈ సంగతి అడిగాం. ఆయన గని వద్దనీ అనలేదు, కావాలనీ అనలేదు. నా కొడుకు డిగ్రీ చేసి ఇంట్లో ఉన్నాడు, అన్నాడు. కాసేపాగి, నల్లటి చిట్టెం వైపు చెయ్యి చూపి, అక్కడ మా మేకలను మేపం, అన్నాడు.

ఎందుకో తర్వాత చదివి తెలుసుకున్నాం. శాస్త్రవేత్తలు ఆ నేలను, మొక్కలను, మేసే జంతువులను పరీక్షించారు. రోమా వాళ్ల కొలుములు ఆరి పదిహేను వందల ఏళ్లు దాటినా రాగి, సీసం ఇంకా ఆ మట్టిలోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి మేక ఒంట్లోకి ఎక్కుతూనే ఉన్నాయి. గని లాభం రోముకు వెళ్లింది. విషం అక్కడే ఉండిపోయింది.

ఈ సభలో కోలారు బంగారు గనుల ప్రాంతం నుంచి వచ్చిన యౌవనస్థులు ముందు వరుసల్లోనే ఉన్నారు. మీకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. 1880 నుంచి ఒక ఇంగ్లిషు కంపెనీ తవ్వింది, తర్వాత మన ప్రభుత్వమే తవ్వింది. మూడు కిలోమీటర్ల లోతుకు మీ తాతలు దిగారు. తెలుగువాళ్లు, తమిళులు, ఎక్కువమంది దళితులు. సిలికోసిస్‌తో దగ్గి దగ్గి పోయినవాళ్లు ఏ వీధిలో చూసినా ఉన్నారు. 2001లో గని మూశారు. సైనైడ్ దిబ్బలు మిగిలాయి, గాలి వీచినప్పుడల్లా ఆ దుమ్ము మీ ఇళ్లలోకే వస్తుంది. ఆ దిబ్బల్లోంచి మళ్లీ బంగారం తీసే ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. మళ్లీ ఉద్యోగాల మాట వినబడుతోంది. ఆ మాటను మేము ఎగతాళి చేయం. తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి రాత్రి పదింటికి ఇల్లు చేరే పిల్లవాడికి ఊళ్లో పని కావాలి. కానీ ఎన్ని ఉద్యోగాలు, ఎవరికి, దుమ్ముకు ఎవరు జవాబుదారీ, కార్మికుల పాత క్వార్టర్ల సంగతేమిటి, ఇవి సంఘం అడగవలసిన ప్రశ్నలు. మన ప్రార్థన కూడికల్లో వర్షం కోసం ప్రార్థిస్తాం, పరీక్షల కోసం ప్రార్థిస్తాం. దిబ్బల గురించి ఎవరైనా నోరు తెరవడం మేము ఇంతవరకు వినలేదు.

యోబు 28వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి. జ్ఞానం గురించిన అధ్యాయమని ప్రసంగాల్లో చెబుతాం, నిజమే. కానీ దాని మొదటి సగమంతా గని పని. మనుషుల కంటికి కనబడని లోతుల్లో తాళ్లకు వేలాడుతూ తవ్వేవాళ్లు అందులో ఉన్నారు. ఆ వచనాలు రాసినాయన ఏదో ఒక గని చూసి ఉంటాడు.

పూనోనులో మరొకటి చూశాం. హింస ఆగిపోయాక, క్రైస్తవులే ఏలికలైన కాలంలో అక్కడ చర్చిలు లేచాయి. పూనోను బిషప్‌లు మహాసభలకు కూడా వెళ్లారు. ఆ చర్చిల గోడలు ఇంకా ఉన్నాయి. కానీ ఆ కాలపు శ్మశానంలో ఎముకలు పరీక్షిస్తే వాటిలోనూ రాగి, సీసం పాళ్లు ఎక్కువగానే ఉన్నాయి. మందిరం వచ్చింది, విషం పోలేదు.

సమయం అయిపోతోంది. మీరు ఎప్పుడైనా వెళ్తే పెట్రాకు ఒక్క రోజు ఇచ్చి వెనక్కి పరుగెత్తకండి, దానాలో కనీసం ఒక రాత్రి ఉండండి. గైడ్‌ను ఆ ఊరివాణ్నే పెట్టుకోండి. పెట్రాలో చిన్నపిల్లల దగ్గర ఏమీ కొనకండి, మీరు కొంటే వాళ్లు బడికి పోరు. వాడీ రమ్ ఎడారి గురించి, అజ్రక్ ఒయాసిస్సు గురించి చెప్పలేకపోయాం. రాజధానికి నీళ్లు తోడి తోడి 1992 కల్లా ఆ ఊటలు ఎండిపోయాయి, అదొక పెద్ద కథ. భోజనం తర్వాత ఫొటోలు వేస్తాం, ప్రశ్నలు ఉంటే అప్పుడు అడగండి. కోలారు పిల్లలు మీ దిబ్బల ఫొటోలు కూడా ఫోన్లలో ఉంటే ఇవ్వండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.