ఇంటి కుక్కకు వాసన పట్టుట నేర్పుట

(కనకాలపేటలో విద్యార్థుల తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



చదువు చెప్పుకొనవలసిన చోట కుక్కల ప్రసక్తి యేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. మన యిండ్ల వాకిళ్లలో కట్టివేయబడిన కుక్క దినమంతయు ఊరక మొరుగుచుండును. లోపల బిడ్డ ఫోను చేతబట్టి మూలన కూర్చుండును. ఇరువురకును తగిన పని లేకపోవుటయే దీనికి మూలము. ఇరువురను కలిపి యొక పనియందు నిలుపగల వినోదమును గూర్చి నేడు కొంత మనవి చేసెదము.

కుక్కకు మన భాషలో సారమేయమను పేరు కలదు. ఇది సరమ యను దేవశునకము పేరునుండి పుట్టినది. పణులు దాచిన గోవులజాడ సరమ కనుగొన్న కథ ఋగ్వేదము పదవ మండలమునందున్నది. ఆ సరమ కొడుకును జనమేజయుని తమ్ములు నిరపరాధముగా కొట్టిన కథను నన్నయభట్టు ఆదిపర్వమున తెనిగించెను. కావున వెదకుట కుక్కకు జన్మవిద్య యనియు, తప్పు లేని కుక్కను కొట్టరాదనియు మన పూర్వులెరుగుదురు. మన శిక్షణకును ఈ రెండే పునాదులు.

మనుష్యుని ముక్కునందు వాసనను గ్రహించు కణములు సుమారు 50, 60 లక్షలుండగా, కుక్కకు జాతినిబట్టి పది కోట్లకు మించి ముప్పది కోట్లవరకు నుండును. అది విడుచు గాలి ముక్కు ప్రక్కచీలికలనుండి వెలువడును గాన, ఎదుటి వాసన చెదరదు. అట్టి యింద్రియము గలదానిని గొలుసున బంధించి యుంచుట, చదువరిని చీకటిగదిలో నుంచుటవంటిది. 2019లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, రెండు వారములు వాసన వెదకు ఆట ఆడిన పెంపుడు కుక్కలు, కేవలము యజమాని ప్రక్కన నడచుట నేర్చిన కుక్కలకంటె ఆశాభావమును చూపినవని తేలినది. అమెరికాలో ఈ వినోదమునకు పోటీలు కూడ జరుగుచున్నవి. అందు వాడు వాసనలలో లవంగము ఒకటి. లవంగము లేని వంటిల్లు మనలో నున్నదా?

పద్ధతి సులభము. మూడు అట్టపెట్టెలు తెచ్చి, ఒకదానిలో ఉప్పుకారములు లేని ఉడికిన కోడిమాంసపు తునకనుంచి, "వెదుకు" అనవలెను. కుక్క దానిని కనుగొనగానే మెచ్చుకొనవలెను. కొన్నిదినములకు, చిల్లులు పొడిచిన రేకుడబ్బాలో రెండు మూడు లవంగములు వేసి మూత బిగించి, ఆ తునక ప్రక్కన నుంచవలెను. డబ్బా కుక్క మ్రింగలేనంత పెద్దదై యుండవలెను. అటుపిమ్మట తునకను తీసివేసి, కుక్క లవంగపు పెట్టెను పట్టుకొన్నప్పుడే, ఆ పెట్టెయొద్దనే, బహుమానమీయవలెను. లవంగము ముట్టిన చేతితో ఖాళీపెట్టెను ముట్టరాదు. రోజునకు పది నిమిషములు చాలును. కుక్కకు విసుగు పుట్టకమునుపే ఆట ముగింపవలెను. తప్పిన యెడల దండింపక, పని సులభము చేయవలెను.

తరువాత నొక ముఖ్యమైన పరీక్ష కలదు. బెర్లిను నగరమున హాన్స్ అను గుఱ్ఱము లెక్కలు చేయుచున్నదని లోకమాశ్చర్యపడెను. దాని యజమాని యొక ఉపాధ్యాయుడే. 1907లో ఫుంగ్‌స్ట్ అను పరిశోధకుడు రహస్యము బయలుపెట్టెను. అడుగువానికి జవాబు తెలియనప్పుడు గుఱ్ఱమునకును తెలియదు! అది ఎదుటివాని ముఖకదలికలను చదువుచుండెను. కావున పెట్టెను దాచువారొకరును, కుక్కను నడుపువారు మరియొకరును కావలెను. తల్లిదండ్రులారా, ఇది మనకును పాఠమే. బిడ్డ లెక్క చూచి చెప్పుచున్నాడా, మన కనుబొమ్మలు చూచి చెప్పుచున్నాడా?

ఇందొక హెచ్చరిక కూడ కలదు. ఊరిలో వస్తువేదైన పోయినప్పుడు మన కుక్క ఎవరి గుమ్మమునొద్ద నిలిచిననూ, వారిని దొంగ యనరాదు. ఆంధ్రప్రదేశ్‌నుండి వచ్చిన యొక కేసులో 2001లో సుప్రీంకోర్టు, పోలీసు జాగిలముల సాయము దర్యాప్తునకు పనికివచ్చునేగాని, నేరనిర్ణయమునకు ఆధారము కాజాలదని చెప్పినది. శిక్షితమైన పోలీసు జాగిలము మాటయే ఇట్లుండగా, మన పిల్లల యాటకుక్క మాట చెప్పనేల? ఇరుగుపొరుగుల పరువు ఆటవస్తువు కాదు.

భాషకును ఈ యాట మేలుచేయును. తమిళము, తెలుగు, మలయాళము, ఫ్రెంచి వినబడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున తెలుగువారము కొద్దిమందిమి. బిడ్డలు కుక్కతో తెలుగున మాటలాడవలెను. ఆట ముగిసిన పిదప గాలి ఎటు వీచినది, డబ్బా ఎచట దాచితిమి, ఎంతసేపు పట్టినదని తెలుగున వ్రాసికొనవలెను. మాడువాసన, నీచువాసన, ముక్కవాసన, పచ్చివాసన, ఘుమఘుమ, గుప్పుమనుట: ఇట్టి పలుకులు పుస్తకములో చదివినదానికంటె ముక్కుతో నేర్చినప్పుడు నిలుచును.

చివరగా జాగ్రత్తలు. మన యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఆ దేశపు శాస్త్రజ్ఞుడు పాస్టరు 1885 జులై 6న జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి రేబిస్ టీకా ప్రయోగించి కాపాడెను. నేడు టీకా అందుబాటులో నుండియు అశ్రద్ధచేయుట తగదు. కుక్కకు ఏటేట టీకా వేయించిన పిదపనే ఆట మొదలిడవలెను. ఏ కుక్క కరచినను గాయమును సబ్బుతో, పారునీటితో పదిహేను నిమిషములు కడిగి, ఆలస్యము లేక ఆసుపత్రికి కొనిపోవలెను. లవంగతైలమును కుక్క ముక్కునకు పూయరాదు. ఎండవేళ ఆడింపరాదు. పాములుండు పొదలలో, గట్లలో వెదకింపరాదు.

బిడ్డకు ఓర్పును, కుక్కకు పనియు, పొరుగువారికి నిర్భయమును సమకూర్చు వినోదమిది. దీనికి కావలసినవి మూడు పెట్టెలు, నాలుగు లవంగములు, మీ సాయంకాలములలో పది నిమిషములు. ఆ పది నిమిషములు పెద్దలు కూడ బిడ్డ ప్రక్కన కూర్చుండవలెనని కోరుచు సెలవు గైకొనుచున్నాము.