బరువు ఆపే జత
(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



లారీలు రాకముందు అమెరికాలో బరువు బండ్లకు నాలుగేసి, ఆరేసి గుర్రాలను జతలుగా ఒకదాని ముందు ఒకటి పూన్చేవారు. అన్నిటికంటే ముందు నడిచే జతను ‘లీడర్లు’ అనేవారు. చక్రాలకు దగ్గరగా ఉండే చివరి జత ‘వీల్ హార్స్’లు. బండి నొగ ఉండేది ఈ చివరి జత మధ్యనే. బండి మళ్లాలన్నా, నిలవాలన్నా వాటి బలం కావాలి. అందుకే బరువైన, బెదరని గుర్రాలను అక్కడ కట్టేవారు.

కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నుంచి 1883–1889 మధ్య బోరాక్స్ తోలిన బండ్లకు ‘ఇరవై కంచర గాడిదల బండ్లు’ అని పేరు. నిజానికి కంచర గాడిదలు 18. చక్రాల దగ్గర కట్టినవి 2 గుర్రాలు. పేరులో వాటికి చోటు దక్కలేదు.

పోనుపోను ఆ మాట మనుషులకూ వచ్చింది. పార్టీలో హడావుడి లేకుండా నమ్మకంగా పనిచేసేవారిని ‘వీల్ హార్స్’ అన్నారు. అండగా నిలిచే ఇద్దరిని మనం ఎలపట, దాపట ఎద్దులతో పోల్చినట్టే.

మెరక ఎక్కేటప్పుడు అన్ని జతలూ లాగుతాయి. పల్లం దిగేటప్పుడు ముందు జతల గొలుసులు వదులవుతాయి. అప్పుడు బండి మీదికి దూకకుండా కాళ్లు తన్నిపెట్టి ఆపేది చివరి జతే.

మన పోరాటాలూ అంతే. ధర్నా రోజున అందరం లాగుతాం. పంట నష్ట పరిహారం ప్రకటించగానే జెండాలు మడిచి ఇళ్లకు పోతాం. పల్లం అక్కడే మొదలవుతుంది. జాబితాలో కౌలు రైతు పేరుందా? సర్వే నంబరు, బ్యాంకు ఖాతా సరిగ్గా పడ్డాయా? చాలా ఊళ్లలో ఇవన్నీ చూసేది కమిటీలో ఒక్కరే. సభ్యత్వ పుస్తకం, చందా రసీదులు కూడా వారి సంచిలోనే. వారు మంచాన పడితే కమిటీ పడకేసినట్టే. నష్టపోయేది జాబితాలో పేరు లేని రైతు.

సభలో శాలువా కప్పినంత మాత్రాన ఆ బరువు తగ్గదు. బండికి జత కావాలి. ఒంటెద్దుతో కాడి సాగదు.

కాబట్టి ఈసారి సభ్యత్వం మొదలయ్యేలోపే ప్రతి గ్రామ కమిటీ ఆ పనికి రెండో మనిషిని ఎంచుకోవాలి. మహిళా రైతులకు, కౌలు రైతులకు ముందు అవకాశం ఇవ్వాలి. పుస్తకాలు, జాబితాలు ఇద్దరికీ తెలియాలి. తహసీల్దారు ఆఫీసుకు తిరిగే దారి ఖర్చు సంఘమే పెట్టుకోవాలి. నాయకులమని పేరున్న మనం నెలకు ఒక్కరోజైనా వారి పక్కన కూర్చుని ఆ జాబితాలు చూడాలి.