పాత ట్రాక్టరుకు ఏ ఆయిల్ పోద్దాం?

(రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జూరాల కింద వరి మళ్లలో దమ్ము చేసేది, అలంపూర్ నల్లరేగడిలో పత్తికి దుక్కి దున్నేది, అచ్చంపేట చెలకల్లో వేరుశనగకు భూమి సాపు చేసేది ఎక్కువగా పాత ట్రాక్టర్లే. కొత్తది కొనే తాహతు మనలో చాలామందికి లేదు. ఉన్న ఇంజన్ బోరుకొస్తే పంట మీద మిగిలిన నాలుగు రూపాయలు మెకానిక్ షెడ్డుకే పోతాయి. అందుకే ఇవాళ ఆయిల్ గురించి మాట్లాడుకుందాం.

ఇంజన్‌లో క్యామ్ షాఫ్ట్ టాపెట్లను నెట్టే చోట ఇనుము ఇనుమును ఒరుసుకుంటుంది. ఆ ఒత్తిడికి నూనె పొర నిలవదు. అక్కడ అరుగుదలను ఆపేది ఆయిల్‌లో కలిపే జింక్, భాస్వరం మందు. వేడికి అది లోహం మీద సన్నని పొర కడుతుంది. ముందు ఆ పొర అరుగుతుంది, ఇనుము మిగులుతుంది.

మరి చిక్కెక్కడ? కార్ల పొగను శుద్ధిచేసే కన్వర్టర్‌ను భాస్వరం పాడుచేస్తుంది. అందుకే కొత్త పెట్రోల్ కార్ల పలచని ఆయిళ్లలో దాన్ని 0.08 శాతానికి కుదించారు. కారుకు అది సరే. మన పాత ట్రాక్టరుకు కన్వర్టరే లేదు. చవకగా దొరికిందని, మిగిలిందని కారు ఆయిల్ పోస్తే నష్టం మనకే.

డబ్బా మీద ‘ఏపీఐ’ పక్కన అక్షరాలు చూడండి. ‘ఎస్’తో మొదలైతే పెట్రోల్ ఇంజన్‌కు, ‘సీ’తో మొదలైతే డీజిల్ ఇంజన్‌కు. 2002లో వచ్చిన సీఐ-4 రకానికి భాస్వరం పరిమితి లేదు. 15డబ్ల్యూ-40 సీఐ-4 మన ఎండలకు, పాత డీజిల్ ఇంజన్లకు చాలావరకు సరిపోతుంది. అయినా ట్రాక్టర్ పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే మొదటి మాట. జింక్ ఎక్కువైతే ఇంకా మంచిదని సీసాల మందు విడిగా కలపొద్దు; ఆయిల్‌లోని పాళ్లు చెడిపోతాయి.

50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. పొగ వడపోత ఉన్న బండికి బూడిద తక్కువ వచ్చే ఆయిలే కావాలి. పాతదాని ఆయిల్ దానికి పనికిరాదు.

ఎంత మంచి ఆయిలైనా దుమ్మును ఆపలేదు. ఎర్రచెలకలో పనిచేసే రోజుల్లో ఎయిర్ క్లీనర్ గిన్నె తరచూ కడగండి. ఆయిల్ మార్చిన రోజు, మీటరు గంటలు గోడమీదైనా రాసుకోండి. విడి ఆయిల్ కొనొద్దు. సీలు చూడండి, బిల్లు అడగండి.

ఇక ప్రభుత్వాన్ని అడిగేది. పింజోర్‌లోని హెచ్‌ఎంటీ ట్రాక్టర్ విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఆ బండ్లున్న రైతు ఇప్పుడు సలహా ఎవరినడగాలి? ఇంజన్ ఆయిల్ మీద 18 శాతం జీఎస్టీ కడుతున్నాం. వ్యాపారి కట్టిన పన్నును లెక్కల్లో వెనక్కి తీసుకుంటాడు, రైతుకు ఆ దారి లేదు. కాబట్టి మన డిమాండ్లు మూడు: వ్యవసాయ యంత్రాల ఆయిల్‌పై పన్ను తగ్గించాలి, ఏ ఇంజన్‌కో డబ్బా మీద తెలుగులో రాయాలి, కల్తీ అనుమానమొస్తే జిల్లాలోనే పరీక్ష చేయించే ఏర్పాటు ఉండాలి.

మీ ఊళ్లో ఈ మాట పదిమందికి చెప్పండి. వినతిపత్రం మీద సంతకాలు తీసుకుని రండి.