పాటల బొంత
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, వైద్య కార్డుల గురించి కార్యదర్శి గారు ఇప్పటికే వివరంగా చెప్పారు. మిగిలిన ఇరవై నిమిషాలు కవిత్వానికి వాడుకోమని నాకు అప్పగించారు. కవిత్వం అనగానే వెనక వరుసలో కొందరు టీ కోసం లేవబోతున్నారు. దయచేసి కూర్చోండి. నేను కవిని కాను. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఈ సంవత్సరం మన సంఘ సభ్యులం కొందరం కలిసి, సినిమా పాటల్లో నుంచి, ఊరి పాటల్లో నుంచి తలా ఒక పంక్తి తెచ్చి, ఒకదాని కింద ఒకటి పేర్చి, ఒక కవిత తయారుచేశాం. దాన్ని కవిత అనవచ్చునా, ఎట్లా చేశాం, దానివల్ల ఏమి ఒరిగింది అనే మూడు సంగతులు మీ ముందు పెడతాను.

ముందు ఆక్షేపణతో మొదలుపెడతాను. "ఎవరో రాసిన పంక్తులు తెచ్చి అతికిస్తే దొంగసొత్తు అవుతుంది గానీ కవిత్వం ఎట్లవుతుంది?" అని సూపరింటెండెంటుగా రిటైరైన పెద్దలొకరు మొదటిరోజే అడిగారు. కొట్టివేయదగిన ప్రశ్న కాదు. అయితే జవాబు మన సాహిత్యంలోనే ఉంది.

మన తెలుగు భారతం ఒక్కరు రాసింది కాదని అందరికీ తెలుసు. 11వ శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు రాసి, అరణ్యపర్వం మధ్యలో ఆపారు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశారు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించారు. పూరించి, తన పేరు ముందుకు తెచ్చుకోలేదు. నన్నయ రాసినట్టుగానే, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితంగా నడిపారు. మూడు వందల ఏళ్ళలో ముగ్గురు కలిసి రాసిన పుస్తకం మనకు తొలి కావ్యం. కలిసి రాయడం మనకు కొత్త కాదు.

ఇక పరాయి పంక్తి తీసుకోవడం. అవధానం చూసినవాళ్ళకు సమస్యాపూరణం తెలుసు. పృచ్ఛకుడు పద్యంలోని చివరి పాదం ఒకటి ఇస్తాడు. వినగానే అది అసంబద్ధంగానో, అనకూడని మాటగానో ఉంటుంది. అవధాని దానికి ముందు మూడు పాదాలు చెప్పేసరికి అదే పాదం సబబైన మాటగా మారిపోతుంది. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం మారదు. మారేది దాని పక్కన ఉన్న మాటలు మాత్రమే. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యను జనంలోకి తెచ్చారు. మన సీమలో ప్రొద్దుటూరు సి.వి. సుబ్బన్న శతావధాని గారి పేరు వినని సాహిత్యాభిమాని ఉండడు. ఆ చివరి పాదం పృచ్ఛకుడిదే అయినా, పద్యం అవధానిది కాదని ఎవరూ అనలేదు.

బయటి దేశాల్లోనూ ఈ పద్ధతి ఉంది. 4వ శతాబ్దంలో అసోనియస్ అనే రోమను కవి, అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందటి వర్జిల్ మహాకవి పంక్తులనే ఏరి, ఒక పెండ్లి కవిత కూర్చాడు. అట్లాంటి కవితను లాటిను భాషలో సెంటో అంటారు. ఆ మాటకు అసలు అర్థం అతుకుల గుడ్డ. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మన ఇండ్లలో పాత చీరలు, పంచెలు, చినిగిన చొక్కాలు కలిపి కుట్టే బొంత అదే కదా! బళ్ళారి వైపు వాళ్ళు దాన్నే కౌది అంటారు. బొంతలో ఒక్క ముక్క కూడా కుట్టిన అవ్వ నేసింది కాదు. అయినా అది అవ్వ బొంతే. ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో నిర్ణయించింది అవ్వ. చలికి కాచేది కూడా ఆ కుట్టే.

ఇంకొక మాట. ఈ పని మనకంటే బాగా ఎవరికి వస్తుంది? తాలూకా ఆఫీసుల కాలం నుంచి, 1985లో మండలాలు వచ్చిన తర్వాత కూడా, మనం చేసిందేమిటి? గుమాస్తా నోటు రాస్తాడు. దాని కింద సూపరింటెండెంటు రెండు మాటలు రాస్తాడు. ఆ కింద తహసీల్దారు ఒక మాట రాసి సంతకం పెడతాడు. అందులో సగం మాటలు ఏదో జీవో నుంచి ఎత్తినవే. ఒకరు రాసినదాని కింద ఒకరు రాస్తూ జీవితం గడిపినవాళ్ళం మనం. తేడా ఒకటే. ఆ ఫైళ్ళను మళ్ళీ చదవాలని ఎవరికీ అనిపించదు!

ఇప్పుడు మేము చేసిన పద్ధతి చెబుతాను. నాలుగు నిబంధనలు పెట్టుకున్నాం.

మొదటిది, ఒక విషయం అందరికీ ముందే చెప్పాలి. మేము వాన అనుకున్నాం. ఆలూరులో పుట్టినవాడికి అంతకంటే పెద్ద విషయం ఏముంటుంది? రెండవది, ఎవరి పంక్తి వాళ్ళు చీటీ మీద రాసి ఇవ్వాలి, చీటీ వెనక సినిమా పేరు, సంవత్సరం, పాట రాసిన కవి పేరు తప్పక ఉండాలి. సంతకం లేని నోటు చెల్లదు కదా. మూడవది, పంక్తిలో ఒక్క అక్షరం మార్చకూడదు. నాలుగవది, ఒకే పాట నుంచి రెండు పంక్తులు పక్కపక్కన రాకూడదు. వస్తే అది ఆ కవి కవితే అవుతుంది, మన కుట్టు కనబడదు.

కవి పేరు వేయాలన్న నిబంధన మన ప్రాంతానిదే అనుకోండి. మనకు దగ్గరలోనే ఉన్న చిప్పగిరిలో 1755లో దేహం చాలించిన విజయదాసు గారు కన్నడంలో ఎన్నో కీర్తనలు చెప్పారు. ఆయన పాటల చివర విజయవిఠల అనే అంకితం ఉంటుంది. ఎన్ని నోళ్ళు మారినా, ఎవరు ఏ రాగంలో పాడుకున్నా, ఆ పాట ఎవరిదో ఆ ముద్రే చెబుతుంది. దాసులు పాట ఊరికి ఇచ్చేశారు, పేరు మాత్రం పోనివ్వలేదు. మనం పాటించవలసిన మర్యాద అదే.

చీటీలు వచ్చాయి. విప్పి చూస్తే అయిదుగురు ఒకే పాట నుంచి తెచ్చారు. 1964లో వచ్చిన ఆత్మబలం సినిమాలో ఆత్రేయ రాసిన వాన పాట. డెబ్బై దాటిన వయసులో అందరికీ గుర్తొచ్చిన వాన అక్కినేని, సరోజాదేవి తడిసిన వానే! ఆడవాళ్ళ వరుసలో నవ్వు ఆగలేదు. అందులో నుంచి ఒక్క పంక్తి ఉంచాం.

1951 నాటి మల్లీశ్వరిలో నాయికా నాయకులు మబ్బుతో మాట్లాడే పాట నుంచి ఒక పంక్తి వచ్చింది. రాసింది దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు. ఆ సినిమా తీసిన బి.ఎన్. రెడ్డి గారు పులివెందుల తాలూకా మనిషి కావడం మనకు గర్వం. 1955లో వచ్చిన రోజులు మారాయిలో కొసరాజు గారు రాసిన ఏరువాక పాట నుంచి ఒకటి వచ్చింది. ఇంకొక మిత్రుడు కన్నడ చీటీ ఇచ్చాడు. 1972 నాటి బంగారద మనుష్య సినిమాలోది, రాజ్‌కుమార్ బీడు భూమిని చేనుగా మార్చే కథ. తెలుగు కవితలో కన్నడ పంక్తి ఏమిటని ఒకరన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన ఆలూరు, ఆదోని, రాయదుర్గం బళ్ళారి జిల్లాలోనివే కదా. మన పెద్దల్లో ఎందరు కన్నడ బడిలో చదివారో లెక్కపెట్టండి. ధార్వాడ రేడియో, కడప రేడియో రెండూ విని పెరిగినవాళ్ళం. చర్చ తర్వాత, ఆ పంక్తిని తెలుగు లిపిలో రాసి చేర్చుకున్నాం.

పంక్తులు పేర్చడం మొదలుపెట్టినప్పుడు సమస్యాపూరణం కథ మళ్ళీ కనబడింది. ఆత్మబలం పంక్తి సినిమాలో ఉన్నప్పుడు ప్రేమికుల మాట. దాన్ని కొసరాజు గారి ఏరువాక పంక్తి కింద పెట్టేసరికి, ఆ చినుకులు ప్రేమికుల మీద పడడం మానేసి బుడ్డల చేలో పడ్డాయి. ఒక్క అక్షరం మార్చలేదు. మల్లీశ్వరి మబ్బు సినిమాలో ప్రియురాలి కబురు మోసే మబ్బు. మా కవితలో అది, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోయిన బిడ్డల దగ్గరికి ముసలివాళ్ళు పంపే కబురు అయింది. కృష్ణశాస్త్రి గారు ఆ అర్థంలో రాయలేదు. కానీ ఆ మాటలు ఈ బరువు కూడా మోయగలిగాయి. గొప్ప పంక్తికి గుర్తు అదేనేమో.

అయినా కవిత ఎక్కడో వెలితిగా ఉంది. సినిమా పాటల్లో వాన వస్తుంది, మబ్బు వస్తుంది. వాన రాకపోవడం అనేది మాకు దొరకలేదు. మన ఊరి అసలు అనుభవం అదే కదా.

ఆ పంక్తి ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. మన ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైన మిత్రుడొకరికి రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మాట పోయిన మనిషి ఇంటికి రాకపోకలు తగ్గిపోతాయి. పోయి ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. చీటీల విషయం చెబుదామని మేము ఇద్దరం వెళ్ళాం. ఆయన ఇల్లాలు, "మాట రాదు సార్, పాటైతే వస్తాది. పొద్దున పూట ఒగటే పాట పాడుకుంటాడు" అన్నది. వాన గురించి పాట కావాలన్నా అని అడిగాం. ఆయన కాసేపు మా మొహాలు చూసి, కప్పతల్లి పాట ఎత్తుకున్నాడు.

వానలు రానప్పుడు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు భుజాల మీద మోస్తూ ఇల్లిల్లూ తిరిగితే, ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోసి పాడే పాట అది. సొంత పేరు పలకలేని మనిషి, ఆ పాట రెండు పంక్తులు తడుముకోకుండా, తాళం తప్పకుండా పాడాడు. నేను రాసుకుని మళ్ళీ చదివి వినిపిస్తే, ఒక మాట దగ్గర చెయ్యి అడ్డం ఊపాడు. నేను విన్న మాట వేరు, ఆయన పాడిన మాట వేరు. సరిచేయించి గానీ వదలలేదు.

ఇది ఏదో మహిమ కాదు. మెదడులో ఎడమవైపు దెబ్బతిని మాట పోయిన కొందరికి, పాటగా పాడితే అవే మాటలు వస్తాయని వైద్యులు చాలాకాలంగా గమనించారు. 1973లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు, రాగం ద్వారా మాట నేర్పించే ఒక చికిత్సా పద్ధతిని ప్రకటించారు. అందరికీ పనిచేస్తుందని కాదు. పాట వచ్చినంత మాత్రాన మాట తిరిగి వస్తుందనీ కాదు. మన ఇండ్లలో అట్లాంటివారు ఉంటే, మాట నేర్పే నిపుణులు పెద్దాసుపత్రుల్లో ఉంటారు, తీసుకుపోయి చూపించండి. ఈలోగా వారితో పాడడానికి ఖర్చేమీ లేదు.

ఆ చీటీ వెనక కవి పేరు లేదు. నిబంధన ప్రకారం చెల్లదు. మొదటిరోజు దొంగసొత్తు అన్న సూపరింటెండెంటు గారే, "పేరు లేకేం, ఆలూరు ప్రాంతపు ఆడవాళ్ళు అని రాయండి" అన్నారు. అట్లే రాశాం. దాన్ని కవిత చివర పెట్టాలని నేనన్నాను. వద్దు, నడుమ పెట్టాలని వారన్నారు. వాన రాని సంగతి నడుమ చెబితేనే, ఆ తర్వాత వచ్చే చినుకుల పంక్తికి విలువ వస్తుందన్నారు. పెట్టి చూస్తే వారి మాటే నిలిచింది. కవిత పూర్తయ్యాక అందరం కలిసి ఆ మిత్రుడి ఇంట్లో చదివాం. తన పంక్తి వచ్చేసరికి చదువుతున్నవారిని ఆపి, తానే పాడాడు.

కవితను ఈ సంచికలో ఎందుకు అచ్చు వేయలేదని మీరు అడగవచ్చు. రచయితల హక్కుల చట్టం 1957 నాటిది. 1992 సవరణ తర్వాత, రచయిత మరణించిన 60 సంవత్సరాల వరకు హక్కు నిలుస్తుంది. కృష్ణశాస్త్రి గారు పోయింది 1980లో, కొసరాజు గారు 1980లలోనే, ఆత్రేయ గారు 1989లో. మన గదిలో మనం చదువుకోవడం వేరు, అచ్చు వేయడం వేరు. ప్రభుత్వ సేవ చేసినవాళ్ళం, చట్టం దగ్గర జాగ్రత్తగానే ఉందాం. ప్రతి మనిషీ తన పంక్తిని నోటికి నేర్చుకున్నాడు. అది చాలు.

చివరగా ఒక మనవి. వచ్చే ఉగాదికి విషయం జొన్నరొట్టె అని నిర్ణయించాం. తలా ఒక చీటీ తెండి. నాకు కవిత్వం రాదు అనేవారు తప్పక తెండి, ఈ పనికి కవిత్వం రావలసిన అవసరం లేదు. మీకు ఇన్నేళ్ళుగా ఏ పాట ఎందుకు గుర్తుండిపోయిందో అదే చాలు. మంచం దిగలేని సభ్యుల చీటీలు మనమే వాళ్ళ ఇంటికి పోయి తెచ్చుకోవాలి. ఆ పనికి వాలంటీర్లు కావాలి, పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వగలరు.

ఇప్పుడు టీ తాగవచ్చు.