కొలనుకు ఇరువైపులా కూర్చున్నవారు

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: 2 సమూయేలు 2:12–28

సికింద్రాబాద్ నుండి ఈ కొద్ది నిమిషాలు మీతో వాక్యము పంచుకొనుటకు దేవుడిచ్చిన తరుణమును బట్టి ఆయనకు స్తోత్రములు. మీ దగ్గర బైబిలు ఉంటే సమూయేలు రెండవ గ్రంథము రెండవ అధ్యాయము తెరచి పెట్టుకోండి. పనిలో ఉన్నవారు, ప్రయాణములో ఉన్నవారు శ్రద్ధగా వింటే చాలు.

ప్రియులారా, "మావాళ్ళు మొనగాళ్ళు, మీవాళ్ళు పిరికివాళ్ళు" అనే మాట మనకు కొత్త కాదు. సినిమా హాలు ముందు వింటాము. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున వింటాము. బస్తీలో పిల్లలు ఆడుకునే చోటా వింటాము. ఈ దినాన ఈ మాటను దేవుని వాక్యపు వెలుగులో పెట్టి చూద్దాము.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరములో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడివారికి ఒక ఆట ఉంది. పేరుకు ఫుట్‌బాలే గాని మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారములో ఉంటుంది. మైదానములో జట్టుకు 18 మంది. బంతిని చేతితో పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు, బంతి పట్టుకొన్నవాణ్ణి పట్టి కింద పడవేయవచ్చు. తలకు హెల్మెట్ పెట్టుకొనే అలవాటు లేదు. కాలింగ్‌వుడ్, కార్ల్‌టన్, రిచ్‌మండ్, హాథార్న్ అని పేటపేటకు ఒక క్లబ్బు. తాత ఏ క్లబ్బువాడో మనవడూ ఆ క్లబ్బువాడే. ఎవరు ఎన్ని కప్పులు గెలిచారన్నది అభిమానుల మధ్య ఒక వాదము. ఎవరు గట్టివాళ్ళు, ఎవరు మెత్తనివాళ్ళు అన్నది అంతకంటే పెద్ద వాదము.

అక్కడివారు ఈనాటికీ 1989 ఫైనల్‌ను తలచుకుంటారు. హాథార్న్‌కు, జీలాంగ్‌కు పోటీ. ఆట మొదలైన క్షణాలలోనే హాథార్న్ ఆటగాడు డెర్మాట్ బ్రెరెటన్‌ను ప్రత్యర్థి గట్టిగా ఢీకొట్టాడు. పక్కటెముకలు విరిగాయి. అయినా బయటికి పోలేదు, లేచి నిలబడి గోల్ కొట్టాడు. అదే జట్టులో మరొకడు ఊపిరితిత్తికి గాయమైనా ఆడుతూనే ఉన్నాడు. హాథార్న్ 6 పాయింట్ల తేడాతో గెలిచింది. "చూశారా మావాళ్ళ గుండె!" అని ఆ అభిమానులు ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్నారు.

ఈ కథకు ఇంకొక పక్క కూడా ఉంది. జీలాంగ్ క్లబ్బుకు ఆడిన గ్రాహమ్ ఫార్మర్ అనే గొప్ప ఆటగాడు 2019లో చనిపోయాడు. ఆయన మెదడును పరీక్షించిన నిపుణులు, తలకు మళ్ళీ మళ్ళీ దెబ్బలు తగిలినవారికి వచ్చే మెదడు వ్యాధి ఆయనకు ఉన్నదని 2020లో తేల్చారు. ఆ లీగులో ఆడినవారిలో ఈ వ్యాధి మొట్టమొదట బయటపడినది ఆయనలోనే. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరినవాణ్ణి కనీసము 12 రోజులు ఆడనివ్వకూడదని 2021లో నియమము పెట్టారు. దెబ్బ తిని లేచి ఆడినప్పుడు స్టాండ్లలో ఉన్నవారు చప్పట్లు కొట్టారు. ఆ దెబ్బ ఫలితము మాత్రము ఆటగాడు ఇంటికి తీసుకొని పోయాడు, అతని భార్యాబిడ్డలు మోశారు.

ఇప్పుడు మన వాక్యభాగానికి వద్దాము.

సౌలు చనిపోయాడు. యూదావారు దావీదును రాజుగా చేసుకున్నారు. సౌలు సేనాధిపతి అబ్నేరు మిగిలిన గోత్రముల మీద సౌలు కుమారుడైన ఇష్బోషెతును రాజుగా నిలిపాడు. ఒకే దేవుని ప్రజలు రెండు జట్లయ్యారు. గిబియోను కొలను దగ్గర ఈ రెండు జట్లు ఎదురుపడ్డాయి. గమనించండి, ఆ పక్కన అబ్నేరు మనుష్యులు కూర్చున్నారు, ఈ పక్కన దావీదు సేనాని యోవాబు మనుష్యులు కూర్చున్నారు. మధ్యలో నీళ్ళు. నేటి స్టేడియము ఎలా ఉంటుందో అలాగే ఉంది.

అప్పుడు అబ్నేరు ఒక సలహా ఇచ్చాడు. పడుచువాళ్ళు లేచి మన యెదుట ఆడనీ అన్నాడు. యోవాబు సరేనన్నాడు. ఇటు 12 మంది, అటు 12 మంది లేచారు. ఒక్కొక్కడు తన ఎదుటివాని తల పట్టుకొని పక్కలో కత్తి దూశాడు. 24 మందీ ఒక్కసారే కూలిపోయారు. ఇందులో గెలిచినవాడెవడు? ఓడినవాడెవడు? ఎవరూ చెప్పలేరు. ఆ 24 మంది తల్లులు మాత్రము ఏడ్చి ఉంటారు.

ఇక్కడ మనము మూడు సంగతులు నేర్చుకోవాలి.

మొదటిది. కూర్చున్నవాడు చెప్పుకొనే ధైర్యము ఇంకొకని శరీరములో నుండి వస్తుంది. "ఆడనీ" అన్నవాడు అబ్నేరు, "సరే" అన్నవాడు యోవాబు. ఆ 12 మందిలో అబ్నేరు లేడు, యోవాబు లేడు. అభిమానము ముదిరితే జరిగేది ఇదే. దెబ్బ వాడిది, గొప్ప నాది. ఎముక విరిగేది వాడికి, మీసము మెలివేసేది నేను.

కూర్చున్నవారు కూర్చున్నట్లే ఉండిపోరు. 24 మంది పడిన తరువాత ఆ దినమున ఘోరమైన యుద్ధము జరిగిందని వాక్యము చెబుతోంది. దావీదు పక్షాన అశాహేలు గాక 19 మంది, అబ్నేరు పక్షాన 360 మంది చనిపోయారు. మన దేశములో 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు ఫుట్‌బాల్ ఆడుతున్నాయి. మైదానములో ఆటగాళ్ళ మధ్య రేగిన గొడవ స్టాండ్లలోకి పాకింది. అభిమానులు కొట్టుకున్నారు, తొక్కిసలాట జరిగింది. ఆట చూడడానికి వచ్చినవారిలో 16 మంది ఇళ్ళకు తిరిగి వెళ్ళలేదు. వారిలో ఎవరూ బంతి తన్నినవారు కారు.

రెండవది. ధైర్యమును కొలవవలసినది దెబ్బల లెక్కతో కాదు, అది ఎవరికొరకు అన్న ప్రశ్నతో. యోవాబు తమ్ముడు అశాహేలును చూడండి. అడవి జింకవలె పరుగెత్తగలవాడు. అబ్నేరును తరిమాడు. తొలగిపొమ్మని అబ్నేరు ఒకసారి కాదు, రెండుసార్లు బతిమాలాడు. నిన్ను చంపితే మీ అన్న ముఖము నేనెలా చూడనన్నాడు. అశాహేలు వినలేదు, ఈటె దెబ్బకు పడిపోయాడు. అతనికి ధైర్యము లేదని ఎవరూ అనరు. అయితే ఆ పరుగు వల్ల ఎవరి ప్రాణము నిలిచింది? ఎవరి ఆకలి తీరింది?

ఇంకొక విధమైన ధైర్యము చూడాలంటే దూరము పోనక్కరలేదు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరామ్ పేరు పెద్దవారికి తెలుసు. ఆయనను భారత జట్టులో ఆడించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు మన హైదరాబాద్ వారే, స్కూలు ఉపాధ్యాయులుగా పనిచేసినవారు. ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశము ఫుట్‌బాల్‌లో నాలుగవ స్థానములో నిలిచినప్పుడు కోచ్ ఆయనే, బలరామ్ ఆ జట్టులో ఉన్నాడు.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. ఇశ్రాయేలు, తైవాన్ క్రీడాకారులను రానివ్వకపోవడమును భారత ప్రతినిధి ఒకరు తప్పుపట్టినందున అక్కడి జనము మనవారి మీద ఆగ్రహముతో ఉన్నారు. ఫైనల్ రోజున స్టేడియము నిండా జనము మనవారిని గేలిచేశారు. మన జట్టులో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆయన మామూలుగా వెనుక నిలిచి గోలును కాపాడే ఆటగాడు. రహీమ్ గారు ఆయనను ముందు వరుసలో ఆడించారు. ఆయన ఫైనల్‌లో ఒక గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2–1 తో బంగారు పతకము వచ్చింది. రహీమ్ గారు అప్పటికే క్యాన్సరుతో బాధపడుతున్నారు, 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఇందులో నా మనస్సును తాకిన సంగతి వేరే ఉంది. జర్నైల్ సింగ్, కెప్టెన్ చునీ గోస్వామి మోహన్ బగాన్ వారు. బలరామ్, అరుణ్ ఘోష్ ఈస్ట్ బెంగాల్ వారు. కలకత్తాలో వీరి పేర్లు చెప్పుకొని అభిమానులు ఒకరినొకరు తిట్టుకొనేవారు. జకార్తాలో వీరే ఒకే చొక్కా వేసుకొని, ఒకరికొరకు ఒకరు పరుగెత్తారు. ఆటగాళ్ళకు తెలిసిన సంగతి అభిమానులకు తెలియలేదు.

మూడవది. ఆపడానికి ఎక్కువ ధైర్యము కావాలి. ప్రొద్దుగుంకే వేళకు అబ్నేరు ఒక కొండమీద నిలిచి కేకవేశాడు. ఈ చంపుకోవడానికి అంతు లేదా, చివరకు మిగిలేది చేదే కదా, తరుముతున్నది మీ అన్నదమ్ములనే కదా అన్నాడు. యోవాబు తమ్ముని శవము ఇంకా పాతిపెట్టలేదు. గెలుస్తున్నది కూడా యోవాబే. అయినా బూర ఊదించాడు, జనము ఆగిపోయారు. ఆ రోజంతటిలో నిజమైన ధైర్యమున్న పని అదొక్కటే.

అభిమానులు కూడా బూర ఊదగలరు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో ఒక యువ వైద్యురాలు ఆసుపత్రిలోనే అత్యాచారానికి, హత్యకు గురైంది. ఆ నెల 18న జరగవలసిన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ రద్దయింది. అయినా రెండు క్లబ్బుల అభిమానులు, వారితోపాటు మహమ్మదన్ స్పోర్టింగ్ అభిమానులు స్టేడియము బయట చేరి, ఆ బిడ్డకు న్యాయము కావాలని అడిగారు. పోలీసుల లాఠీలకు ఎదురుగా పక్కపక్కనే నిలబడ్డారు. ఎవరు గట్టివాళ్ళన్న ప్రశ్న ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు, ఎందుకంటే వారి కన్నులు తమ మీద లేవు.

అయితే ప్రియులారా, మనము ఇక్కడ ఆగకూడదు. తరువాతి అధ్యాయము చదవండి. ఇదే యోవాబు, తమ్ముని పగ తీర్చుకోవడానికి అబ్నేరును గుమ్మము దగ్గర ఏకాంతముగా పిలిచి పొడిచి చంపాడు. బూర చేతులను ఆపింది గాని హృదయమును మార్చలేదు. ఒక్క దినము మంచిగా నిలబడినంత మాత్రాన మనిషి మారడు.

అందుకే గెత్సేమనే తోటకు వెళ్ళాలి. పేతురు కత్తి దూశాడు. మన లెక్కలో మొనగాడు అతడే. యేసు ప్రభువు మెత్తనివాడుగా కనబడ్డాడు. కాని తెగిన చెవిని ముట్టి బాగుచేసినవాడు ప్రభువు. ఆ చెవి ఎవరిది? తనను పట్టుకోవడానికి వచ్చినవానిది. తనవారికొరకు దెబ్బ తిన్నవారిని లోకము చూసింది. ఎదుటి పక్షమువారికొరకు దెబ్బ తిన్నవానిని సిలువ మీద చూసింది. అబ్నేరువలె ఆయన కూర్చొని ఇతరులను లేపలేదు, తానే లేచి వెళ్ళాడు.

యౌవనస్థులారా, ఇప్పుడు మీతో ఒక మాట. అర్ధరాత్రి రోడ్డుమీద బైకు పందెము పెట్టి "మగాడివైతే రా" అని పిలిచేవాడు గిబియోను కొలను దగ్గర కూర్చున్నవాడే. "నేను రాను" అని చెప్పి ఇంటికి పో తమ్ముడూ. నవ్వుతారు, నవ్వనీ. వెనుక ఉన్నవారు ఫోనులో వీడియో తీస్తారు, నీ కాలు విరిగితే నడవవలసినది నీవు.

తండ్రులారా, దెబ్బ తగిలి ఏడ్చే కుమారునితో "ఆడపిల్లలా ఏడుస్తావేమిటి" అనకండి. ఆ పిల్లవాడే రేపు ఛాతీలో నొప్పి వచ్చినా ఇంట్లో చెప్పడు. నొప్పిని దాచడము విశ్వాసము కాదు. అపొస్తలుడైన పౌలు తన బలహీనతను సంఘమంతటి ముందు వ్రాసి పెట్టాడు.

సంఘ పెద్దలారా, మనలో కొలను లేదా? మా సంఘము ప్రార్థనలో గట్టిది, వారిది చల్లారిపోయింది. మా పాస్టరుగారు దేనికీ జంకరు, వారి పాస్టరుగారు మెత్తన. కొరింథులో పౌలు పేరున, అపొల్లో పేరున, కేఫా పేరున జట్లు కట్టినప్పుడు పౌలు సంతోషించలేదు, సిలువ వేయబడినది నేనా అని అడిగాడు. మన రెండు సంఘముల పిల్లలు క్రికెట్ ఆడితే ఆడనివ్వండి, గెలిచినవారికి చప్పట్లు కొట్టండి. ఓడినవారి ఇంట్లో జ్వరము వస్తే మొదట వెళ్ళేది మీరై ఉండండి.

ఈ వారము మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరితోనో వాదము వస్తుంది. అప్పుడు బూర మీ చేతిలోనే ఉంటుంది. గెలుస్తూ ఉండగానే ఊదండి.

ప్రార్థన చేసుకుందాము. కృపగల తండ్రీ, ఇతరుల గాయములను మా గొప్పగా చెప్పుకొనకుండ మమ్మును కాపాడుము. ఆటలో గాయపడినవారిని, పందెములో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులను ఆదరించుము. మేము శత్రువులమై ఉండగా మా కొరకు నిలిచిన నీ కుమారుని ధైర్యమును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.