చికిత్స ముగిసిన పిమ్మట



క్యాన్సరు అను మాట నోట పలుకుటకే మన ఇండ్లలో జంకుదురు. ఇక చికిత్స ముగిసిన తరువాతి సంగతి ఎవరును మాటలాడరు. మేము వైద్యులము కాము. మా ఇల్లాలు రొమ్ము క్యాన్సరునకు చికిత్స పొందిన నాళ్ళలో దాపుననుండి చూచినవారము, వైద్యులను అడిగి తెలిసికొన్నవారము. ఆ అధికారముతోనే నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

అరవదేశమున తరతరములుగా కాపురమున్న మనకు అడయారు క్యాన్సరు ఇన్‌స్టిట్యూట్ క్రొత్త కాదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పూనికతో 1954లో వెలసిన సంస్థ యది. బొంబాయిలోని మనవారికి 1941లో తెరచిన టాటా మెమోరియల్ ఆసుపత్రి ఉన్నది, బెంగుళూరువారికి కిద్వాయి సంస్థ ఉన్నది. ఆసుపత్రి వాకిలి దాటి ఇల్లు చేరిన తరువాత రోగి భారము మనది. అచ్చటనే మేము పొరబడితిమి.

ఇల్లాలు తిరిగివచ్చినది మొదలు ఆమెను కదలనీయలేదు. చేయి వాచునని బిందె ముట్టనీయలేదు. ఆమె అక్కగారు, అనగా మా వదినగారు, వారమువారము డబ్బానిండ సున్నుండలు తెచ్చెడివారు. మా తల్లిగారు పెరుగన్నములో మీగడ కలిపి దగ్గర కూర్చుండి తినిపించెడివారు. ఏడాది తిరుగునప్పటికి తొమ్మిది కిలోలు హెచ్చెను. చూడవచ్చినవారందరు “ఒళ్ళు చేసినది, ఇక భయము లేదు” అనిరి. మేమును సంతోషించితిమి. ఆమె మాత్రము పది మెట్లు ఎక్కి ఆయాసముతో కూలబడెడిది. వద్దన్నచో అక్కగారి మనసు నొచ్చునని సున్నుండ తినెడిది.

పూర్వము క్షయరోగి ఒళ్ళు చేసిన రోగము తగ్గుచున్నదని గుర్తు. ఆ లెక్కనే పెద్దలు దీనికిని పట్టించిరి కాబోలు. ఇచ్చట లెక్క వేరు. కీమోథెరపీతో ఇచ్చు స్టెరాయిడ్ మందులు ఆకలి పెంచును. చికిత్సవలన కొందరు స్త్రీలకు ముట్లు ముందుగనే నిలిచిపోవును, నడుము చుట్టు కొవ్వు చేరును. మంచము పట్టిన కొలది కండ కరగును. కావున త్రాసు మీద పెరిగినది కొవ్వు, లోపల తరిగినది బలము. ముట్లుడిగిన స్త్రీల దేహములో ఈ కొవ్వే ఈస్ట్రోజెన్ పుట్టించును, కొన్ని రకముల రొమ్ము క్యాన్సరు దానితోనే పెరుగును.

ఆసుపత్రివారు ఆహారపత్రము ఇచ్చియే యుండిరి. అది అరవమున నుండుటచే మా తల్లిగారు చదువలేక బీరువాలో దాచిరి, మేమును అడుగలేదు. ఒకనాడు మనుమరాలు తీసి చదివి తెలుగున చెప్పినది. నెయ్యి, తీపి తగ్గింపుడనియు, దినదినము నడువుడనియు అందులో స్పష్టముగ నున్నది!

వైద్యుని అనుమతితో మొదట పది నిమిషముల నడక. పిమ్మట మెల్లమెల్లగ వారమునకు 150 నిమిషములు. అన్నము ఒక గరిటె తగ్గించి పప్పు, కూర పెంచితిమి. ఉపవాసములు చేయింపలేదు, బరువు కరగించు కషాయముల జోలికి పోలేదు. బిందె విషయమునను మా భయము వట్టిదే. శిక్షకుని యెదుట, కొద్దికొద్దిగ బరువులెత్తిన చేతివాపు హెచ్చదని 2009లోనే పరిశోధకులు ప్రకటించి యుండిరి.

నడకవలన ఏమగునని అడుగువారికి ఒక మాట. పెద్దప్రేగు క్యాన్సరునకు శస్త్రచికిత్స, కీమోథెరపీ పొందిన 889 మందిపై జరిపిన పరిశోధన 2025లో వెలువడినది. సగముమందికి శిక్షకుల తోడ్పాటుతో మూడేండ్లు వ్యాయామము చేయించిరి, తక్కినవారికి ఆరోగ్యమును గూర్చిన పుస్తకములు మాత్రము ఇచ్చిరి. ఎనిమిదేండ్లకు మొదటివారిలో నూటికి 90 మంది, రెండవవారిలో 83 మంది సజీవులు. ఇతర క్యాన్సరులకు ఇదే లెక్క యనరాదు గాని, తీసివేయదగిన లెక్కయు కాదు.

ఒక హెచ్చరిక. నోటికి, గొంతుకు, కడుపునకు చికిత్స పొందినవారు తరచు చిక్కిపోవుదురు. వారికి తిండి తగ్గింపరాదు, పెంచవలెను. ఎవరికైనను ప్రయత్నింపకయే బరువు తగ్గుచున్నచో సంతోషింపక వెంటనే వైద్యునికి చూపవలెను.

ఏడు నెలలలో మా ఇల్లాలికి నాలుగు కిలోలు తగ్గెను. ఇంకను ఐదు మిగిలియున్నవి, తొందర లేదు. మేడ మెట్లు ఆగకుండ ఎక్కుచున్నది. మా వదినగారు ఇప్పుడు సున్నుండలు తేరు. ఉదయము ఆరు గంటలకు చెప్పులు తొడుగుకొని వాకిట నిలిచి “ఏమే, ఇంకను తెమలలేదా?” అని పిలుచుచున్నారు.