అక్షహృదయము



గడచిన శీతకాలమున మేము దంపతులము గోవాకు పోయి, సముద్రతీరమున ఒక విలాసవంతమైన హోటలులో రెండు రాత్రులు గడపి వచ్చితిమి. ఆ హోటలులో క్యాసినో, అనగా జూదశాల, కలదు. రేడియోలో పనిచేయువారు జూదశాలకు పోయివచ్చి ఆ ముచ్చటను మైక్రోఫోను ముందు చెప్పవచ్చునా యని మాలో మేము తర్కించుకొంటిమి. అక్కడ పోగొట్టుకొన్నది కొంత కలదు, తెచ్చుకొన్నది కొంత కలదు. తెచ్చుకొన్నది పదిమందికి పంచదగినదని తోచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

మా నివాసము హైదరాబాదునకు దక్షిణమున ఉన్న బాలాపూరు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైనది మొదలు, వేసవి రాత్రులలో డాబామీద పడుకొన్న మాకు నక్షత్రములకంటె విమానముల దీపములే ఎక్కువగా కనబడుచున్నవి. ఊరివారందరు ఎక్కడెక్కడికో ఎగిరిపోవుచున్నారు, మన మెన్నడు పోవుదుమని ఇంటిలో ఒక మాట చాలకాలముగా నలుగుచుండెను. పెండ్లియై ఇరువది సంవత్సరములు నిండిన సందర్భమున ఆ మాట చెల్లించుకొంటిమి.

గోవాయే ఏల అని అడుగవచ్చును. మన రాష్ట్రమున జూదశాలలకు చట్టము అనుమతింపదు. తెలంగాణ జూద చట్టమును 2017లో సవరించి, అంతర్జాలము ద్వారా సొమ్మొడ్డి ఆడుటను కూడ నిషేధించిరి. రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని సర్వోన్నత న్యాయస్థానము 1967లో చెప్పినది సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారములోనే. 2017 నాటి సవరణ ఆ సందును కూడ మూసినది. గోవాలో వేరు పద్ధతి. అక్కడ 1976 నాటి జూద చట్టమును 1992లో సవరించి అయిదు నక్షత్రముల హోటళ్ళలో యంత్రములపై ఆడు ఆటలకును, 1996లో మరల సవరించి నీటిపై నిలిచిన ఓడలలో బల్లల ఆటలకును అనుమతి యిచ్చిరి. కావున ఇక్కడ ఏ పని చేసినచో పోలీసులు పట్టుకొందురో, గంటన్నర లోపు విమానప్రయాణము చేసినచో ఆ పనికే పుష్పగుచ్ఛముతో స్వాగతమిత్తురు.

బయలుదేరుటకు ముందు రాత్రి పద్దుల పుస్తకము ముందు వేసికొని ఒక ఒడంబడిక చేసికొంటిమి. టిక్కెట్లు, బస, భోజనము గాక, ఆటకని పదివేల రూపాయలు. అది పోయినచో నాటకము చూచుటకు టిక్కెట్టు కొన్నట్లు భావింపవలెను, మిగిలినచో సంతోషము. అంతకుమించి ఒక్క రూపాయి తీయరాదు. అమ్మాయి కళాశాల రుసుముకై కూడబెట్టిన సొమ్ము కూడ ఆ బ్యాంకు ఖాతాలోనే ఉండెను గనుక ఈ మాటను రెండుమారులు చెప్పుకొంటిమి.

హోటలు మిక్కిలి రమ్యముగా ఉండెను. కిటికీ తెరచినచో కొబ్బరితోట, తోట దాటినచో సముద్రము. మొదటినాటి సాయంకాలము ఆ తోటలో నడచుచు, ఇంటిపనులలో పడి ఎన్నో ఏండ్లుగా మాటాడుకొనని సంగతులను మాటాడుకొంటిమి. పెండ్లినాటి వాన, మొదటి అద్దె ఇల్లు, చంటిపిల్లతో రాత్రులు మేల్కొన్న రోజులు, అన్నియు జ్ఞాపకమునకు వచ్చినవి. ఆ యాత్రలో మేము పొందిన భోగము అదియేనని అప్పుడు తెలియలేదు.

ఆ రాత్రి హోటలులోని యంత్రములను చూచితిమి. మరునాటి రాత్రి పణజి నగరము వద్ద మాండవి నదిలో నిలిచియున్న ఓడకు చిన్న పడవలో పోయితిమి. ప్రవేశ రుసుము చెల్లించినచో భోజనముతో పాటు కొన్ని బిళ్ళలను కూడ ఇచ్చిరి. అవి ఆడుటకే గాని సొమ్ముగా మార్చుకొనుటకు పనికిరావట. లోపల పాట, నృత్యము, దీపములు, మన పల్లెలలో చాటుగా ఆడు లోనా-బయటా ఆట సైతము పచ్చని మెత్తని బట్ట పరచిన బల్లపై దొరలవలె కూర్చుండి ఆడుచున్న జనము. మా చుట్టు తెలుగు మాటలు విననగుచునే ఉండెను. ఇంతటి వైభవములో మాకు ఒక్కటియే వింతగా తోచినది. ఎంత వెదకినను గోడపై గడియారము కనబడలేదు. ప్రసారము అరనిముషము ఆలస్యమైనను సంజాయిషీ వ్రాయవలసిన వృత్తితో బ్రదుకుచున్న ఇల్లు మాది. కాలము లేని గదిలో కూర్చుండుట మాకు క్రొత్త.

మేము కూర్చున్నది రూలెట్ బల్ల వద్ద. ఆ చక్రములో 37 గడులుండును. 1 మొదలు 36 వరకు గల అంకెలలో సగము ఎరుపు, సగము నలుపు. సున్న ఒక్కటి ఆకుపచ్చ. చక్రమును ఒకవైపునకును, తెల్లని గోలీని దానికి ఎదురుగాను త్రిప్పుదురు. గోలీ నిలిచిన గడియే గెలుపు. ఒక అంకెపై 100 రూపాయలొడ్డి గెలిచినవారికి, ఒడ్డిన సొమ్ము గాక 3,500 రూపాయలిత్తురు. వినుటకు గొప్పగా ఉన్నది. కాని ఒకరు 37 గడులపైనను నూరేసి రూపాయలు పెట్టిరనుకొందము. పెట్టినది 3,700. గెలుపు తప్పదు, చేతికి వచ్చునది 3,600. ఆ తక్కువైన నూరే ఆట నడుపువారి కూలి. ఇందు మోసము లేదు, మంత్రము లేదు. తడవకు 500 చొప్పున గంటకు నలుబది తడవలు ఆడినచో ఒడ్డినది మొత్తము 20,000. అందు ముప్పదియేడవ పాలు, సుమారు 540 రూపాయలు, సగటున శాలవారికి చేరును. ఒక్కొక్క రాత్రి మనము గెలువవచ్చును. శాలవారు ఒక్క రాత్రి ఆడుటలేదు, ప్రతిరాత్రియు ఆడుచున్నారు.

ఈ లెక్క మాకు బల్ల వద్ద తెలియదా యన్నచో, తెలియును. తెలిసియు ఏమి జరిగినదో వినుడు.

అర్ధరాత్రి దాటిన తరువాత మాలో ఒకరు పైఅంతస్తులో నదీగాలి తగులు కుర్చీలో కునుకు తీయుచుండిరి. రెండవవారు బల్ల వద్దనే ఉండిరి. ఎవరు పైన, ఎవరు క్రింద అన్నది చెప్పము. దాంపత్యమున కొన్ని గుట్టులు శ్రోతలకైనను చెప్పరానివి. పదివేలలో చివరి బిళ్ళ పోవుసరికి చక్రముపై నలుపు వరుసగా నాలుగుమారులు వచ్చియుండెను. ఇక ఎరుపు రాక తప్పదని బల్ల చుట్టు నిలిచినవారందరు అనుచుండిరి. క్రింద ఉన్నవారు లేచి, కౌంటరు వద్ద కార్డు గీసి 16,000 రూపాయల బిళ్ళలు తెచ్చుకొనిరి. ఎరుపుపై 500 పెట్టిరి, నలుపు వచ్చెను. రెట్టించి 1,000 పెట్టిరి, నలుపు. 2,000 పెట్టిరి, ఆకుపచ్చని సున్న. 4,000 పెట్టిరి, నలుపు. 8,000 పెట్టిరి, మరల నలుపు. పావుగంటలో 15,500 రూపాయలు పోయినవి. అరచేతిలో 500 రూపాయల బిళ్ళ ఒక్కటి మిగిలినది.

ఖాతా ఉమ్మడిది. కార్డు గీసినవెంటనే బ్యాంకువారి సందేశము పైన నిద్రించుచున్నవారి ఫోనులో మ్రోగినది. వారు దిగివచ్చి, చివరి రెండు తడవలు వెనుక నిలుచుండి చూచిరి. ఒక్కమాట అనలేదు. తీరమునకు చేరిన తరువాత మాత్రము ఒకమాట అనిరి. అందలి సంబోధనను చెప్పినచో మా గుట్టు బయటపడును గనుక దానిని విడిచి తక్కినది చెప్పుచున్నాము. "సొమ్ము పోయిందని కాదు. పది మెట్లెక్కితే నేనున్నాను. ఒక్క మాట అడగలేదు."

మరునాటి ఉదయము ఆ కొబ్బరితోటలో మేమిద్దరము నడచితిమి గాని మాటలు లేవు. విమానములో కూర్చున్న పిదప గాని అవి మరల మొదలు కాలేదు. మొదలైనది నలుని పేరుతో.

నన్నయభట్టారకుని అరణ్యపర్వ భాగమున ఉన్న నలోపాఖ్యానము మనలో అనేకులకు చిన్ననాడే తెలిసిన కథ. పుష్కరునితో నలుడు పాచికలాడి రాజ్యము పోగొట్టుకొనుచుండగా, రానున్నదానిని కనిపెట్టి దమయంతి బిడ్డలనిద్దరిని సారథితో పుట్టినింటికి పంపివేసినది. సర్వము పోయిన తరువాత దమయంతిని ఒడ్డుమని పుష్కరుడు కవ్వించెను, నలుడు ఒడ్డలేదు. కాని ఆమె అడవిలో నిద్రించుచుండగా, చెప్పక విడిచిపోయెను. జూదములో భార్యను ఒడ్డని ఉత్తముడు కూడ ఆమెకు చెప్పక పోయినాడు. మాలో పైన నిద్రించినవారు ఈ భాగమును జ్ఞాపకము చేసిరి. క్రింద ఆడినవారికి తల ఎత్తి చూచుటకు ధైర్యము లేకపోయినది.

ఆ కథలోనే మరియొక ఘట్టము కలదు. నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునకు రథము తోలుచుండగా, దారిలోని తాండ్రచెట్టును చూచి ఆ రాజు ఆకులెన్నో కాయలెన్నో ఇట్టే చెప్పివేసెను. నలుడు రథమాపి లెక్కించి చూడగా సరిపోయెను. ఆ తాండ్రకాయలనే వేదకాలమున పాచికలుగా వాడిరి. ఋతుపర్ణుని విద్యకు అక్షహృదయమని పేరు. నలుడు దానిని గ్రహించినవెంటనే అతని దేహమును పట్టియున్న కలి వెడలిపోయినాడు. కలి వదలినది తపస్సుతో కాదు, లెక్క తెలియుటతో!

నలుడు అటుపిమ్మట మరల ఆడి గెలిచెనుగదా, లెక్క నేర్చి మనమును గెలువరాదా అని ఒకరికి తోచవచ్చును. నలుని యెదుట కూర్చున్నది ఆ విద్య తెలియని పుష్కరుడు. మన యెదుట ఉన్నది 37 గడుల చక్రము. దానికి సున్నగడి పెట్టినవాడే అక్షహృదయమును ఎరిగినవాడు. ఇక నలుపు నాలుగుమారులు వచ్చినది గనుక ఎరుపు రావలెనను మాట యున్నదే, అది లెక్కకాదు, ఆశ. గోలీకి జ్ఞాపకము లేదు. 1913 ఆగస్టు 18వ తేదీన మోంటికార్లో జూదశాలలో నలుపు వరుసగా 26 మారులు వచ్చినది. ఇక ఎరుపేయని ఒడ్డినవారు విశేషధనము పోగొట్టుకొనిరి. రెట్టించుచు పోవు పద్ధతిలో వరుసగా అయిదుమారులు ఓడుట ఇరువదియెనిమిదింట ఒక వంతు సంభవము. అరుదైనదే, కాని తెల్లవారులు ఆడువారికి అరుదు కాదు.

ఈ లెక్కను అందరికంటె బాగుగా ఎరిగినవి జూదశాలలకు చోటిచ్చిన ప్రభుత్వములు. మోంటికార్లో ఉన్న మొనాకో దేశమున ఆ దేశపు పౌరులు ఆ శాలలో ఆడరాదను నియమము కలదు. గోవా ప్రభుత్వము కూడ 2020 ఫిబ్రవరి 1 నుండి తమ రాష్ట్రమువారు క్యాసినోలలో ప్రవేశింపరాదని కట్టడి చేసినది. ఇంటిబిడ్డలకు వడ్డింపని పదార్థమును అతిథికి వెండిపళ్ళెములో పెట్టుచున్నారన్నమాట. అతిథి కోపగింపనక్కరలేదు, ఆ పదార్థమేమో తెలిసికొని కూర్చున్నచో చాలును.

శంషాబాదులో దిగి ఇంటికి వచ్చుచు బాలాపూరు గణేశమంటపము నిలుపు చోటును దాటితిమి. ఏటేట నిమజ్జనము నాటి ఉదయము మా ఊరిలో స్వామివారి లడ్డును వేలము వేయుదురు. 1994లో మొదటి వేలమున అది 450 రూపాయలకు పోయినది. 2024లో 30 లక్షల 1 వేయి రూపాయలు పలికినది. అదియు అదృష్టమును కోరి పెట్టు సొమ్మే. ఆ ప్రసాదమును పొలములో చల్లినచో పంట పండునని మొదటినుండి నమ్మకము. అయినను ఒక భేదము మాకు ఆనాడు స్పష్టముగా కనబడినది. ఆ పాట పట్టపగలు, ఊరందరి యెదుట, పేరు చెప్పి పాడుదురు. సొమ్ము ఊరి పనులకు పోవునని అందరికి తెలియును. ఎవరును ఇంటివారు నిద్రించువేళ లేచిపోయి పాడరు.

గోవాకు పోవలదని మేము చెప్పుటలేదు. ఆ తోట, ఆ సముద్రము, ఆ సాయంకాలము మరల దొరికినచో మేమును పోవుదుము. పోవు దంపతులు ముందే ఒక మొత్తము అనుకొని, దానిని నగదుగా తీసికొని, కార్డును గదిలో విడిచి వెళ్ళుట మంచిది. పోయినదానిని రాబట్టవలెనని మనసు లాగినప్పుడు పదిమెట్లెక్కి రెండవవారిని లేపి అడుగుట అంతకంటె మంచిది. ఆ లాగుడు మానలేని స్థితికి వచ్చినచో అది వ్యాధియని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ గుర్తించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ వారు ఉచితముగా సలహా చెప్పుదురు. అడుగుటలో అవమానము లేదు.

అమ్మాయి రుసుము గడువులోపలనే కట్టితిమి. ఆ లోటు పూడ్చుటకు నాలుగు నెలలు పట్టినది. పద్దుల పుస్తకములో ఆనాటి పుట యందు "గోవా, ఆట" అని 10,000 ఒక వరుసలోను, "అడుగక తీసినది" అని 15,500 మరియొక వరుసలోను వ్రాసితిమి. రెండవ వరుసను వ్రాసినది ఆడినవారే, కూడినది రెండవవారు. మార్చుకొనక వచ్చిన ఆ 500 రూపాయల బిళ్ళ ఆ పుటలోనే ఉన్నది. నెలనెల లెక్క చూచుకొనునప్పుడు అది జారి చాపమీద పడును. ఎవరు ముందు చూచినచో వారు తీసి మరల ఆ పుటలోనే పెట్టుదుము.

సెలవు.